పడవ లాగిన దారి



మా వేములలో పడవ చూసినవారు తక్కువ. పులివెందుల చుట్టుపక్కల గ్రామములు ఎరిగినవారికి ఈ మాట వింతగా తోచదు. ఇది చీనీ తోటలు, అరటి తోటలు, వేరుశనగ చేలు ఉన్న నేల. ముగ్గురాయి గనులున్న నేల. 2012 నుండి మా మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని కూడా నడుస్తున్నది. భూమిలోకి ఎంత లోతుకు దిగడం అనే ముచ్చట మా ఊళ్లో రోజూ వినబడుతుంది గాని, నీటిమీద తేలడం అనే ముచ్చట మాకు లేదు. బోరు వేయించిన రైతు నీళ్లు పడ్డాయో లేదోనని రాత్రంతా మేలుకొని ఉంటాడు. నీళ్లు పడితే ఆ ఇంట పండుగ, పడకపోతే అప్పు.

ఇటువంటి ఊళ్లో ఒక ఆదివారము పిల్లలకు నోవహు ఓడ గురించి చెప్పి, ఇంటికి వెళ్లి ఓడ బొమ్మ గీసుకొని రమ్మన్నాము. మరుసటి వారం పిల్లలు తెచ్చిన బొమ్మలు చూసి మాకు నవ్వు ఆగలేదు. ఒకడు ఓడకు ట్రాక్టరు చక్రాలు పెట్టాడు. ఒక పాప నాలుగు కాళ్ల మంచం గీసి దానిమీద ఏనుగును నిలబెట్టింది. మేము నవ్వుతుంటే, వెనుక చాపమీద కూర్చున్న మా సంఘపు పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆయనకు ఎనభై దాటాయి. కంటిచూపు తగ్గింది గాని మాట ఇంకా గట్టిది.

"నవ్వబాకండి అయ్యగారూ. పిల్లోళ్లు యాడ చూసినారు పడవ? మా నాయన అయితే పడవ లాగినాడు" అన్నాడు.

"ఎక్కడ పెద్దాయనా? గోదావరి మీదనా?" అని అడిగాము.

"గోదావరి ఏంది అయ్యగారూ! మన కడప జిల్లాలోనే. కేసీ కాలువ మీద" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఆ సంగతి విన్నాము. వారిది మొదట కేసీ కాలువ గట్టున ఉన్న ఊరు. వాళ్ల నాయన చిన్న వయసులో కాలువ గట్టు వెంబడి భుజాన తాడు వేసుకొని పడవ లాగేవాడట. ధాన్యం బస్తాలు, పత్తి మూటలు పడవలో వచ్చేవట. తరువాత పడవలు తగ్గిపోయాయి, చివరకు ఆగిపోయాయి. ఆ కుటుంబం పని వెదుక్కుంటూ ఇటు వైపు వచ్చి స్థిరపడింది. చెప్పడం ముగించి పెద్దాయన కొంచెంసేపు ఊరకున్నాడు. తరువాత ఒక మాట అడిగాడు.

"ఆ కాలువ పడవల కోసరమే తవ్వినారని మా నాయన చెప్పేవాడు అయ్యగారూ. పడవలు పాయె. ఆయన చేసిన పని పాయె. భుజం మీద తాడు కాయ కాసి, సచ్చేదాకా అట్లే ఉండె. ఇంతకూ ఆ కాలువ తవ్వించిన దొర పని, మా నాయన పని, అంతా ఉత్తదేనా?"

మేము జవాబు చెప్పలేకపోయాము. బోధకునికి ఏ ప్రశ్నకైనా ఒక వాక్యం సిద్ధంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ రోజు మా దగ్గర ఏమీ లేదు. "కనుక్కొని చెప్తాము పెద్దాయనా" అని లేచి వచ్చాము.

ముందు కాలువను చూడాలనుకున్నాము. పులివెందుల నుండి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు చేరి, అక్కడి నుండి కాలువ గట్టు పట్టుకున్నాము. దారిలో మైలవరం జలాశయం దగ్గర చేపలు పట్టేవారి పుట్టిని చూశాము. మన పెన్నా నది ఒడ్డున పాత కాలం నుండి ఉన్న పడవ ఇదే. వెదురు బద్దలతో పెద్ద గంపలాగా అల్లి, పూర్వం దానికి తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టలు కప్పి తారు పూస్తున్నారు. గుండ్రంగా ఉండడం వలన దానికి ముందూ వెనుకా లేదు. తెడ్డు వేసేవానికి చేతివాటం లేకపోతే ఉన్నచోటనే తిరుగుతుంది. చెట్టునూ నీటినీ బాగా ఎరిగిన చేతులు మాత్రమే ఇంత తక్కువ సామానుతో ఇంత పనికివచ్చే వస్తువును చేయగలవు.

కేసీ కాలువ అనగా కర్నూలు కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల వద్ద మొదలై, నంద్యాల సీమ గుండా వచ్చి, మన జిల్లాలో దిగుతుంది. మొత్తం పొడవు 300 కిలోమీటర్లకు పైమాటే. కుందూ నది మీద రాజోలి ఆనకట్ట, పెన్నా మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దీనికి సంబంధించినవే. మేము గట్టు మీద చాలాసేపు నడిచాము. కాలువలో నీరు తొందరపడకుండా, చప్పుడు చేయకుండా పోతున్నది. అటువైపు వరి నాట్లు వేస్తున్నారు. పడవ మాత్రం ఒక్కటీ లేదు. కాలువ తవ్వడానికి మూలమైన ఆలోచన ఎవరిదని విచారిస్తే, మన తెలుగువారందరూ ఎరిగిన పేరే వచ్చింది. ఆయన సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ దొరను మనం గోదావరి ఆనకట్టతో జ్ఞాపకం చేసుకుంటాము. కాని ఆయన జీవితమంతా పడవ మీదనే మనసు పెట్టుకున్నాడని మాకు ఇంతవరకు తెలియదు. ఆయన పడవలు చెక్కే వడ్రంగి కాడు. పడవ పోయే దారిని రూపకల్పన చేసిన పనివాడు. ఆ దారిని చూడాలని, సెలవు దొరికినప్పుడు కడపలో రైలెక్కి మర్నాడు రాజమహేంద్రవరంలో దిగి, అక్కడి నుండి ధవళేశ్వరం వెళ్లాము.

వేముల నుండి వెళ్లినవానికి ధవళేశ్వరం గట్టు మీద నిలబడితే కలిగే మనోభావాన్ని మాటల్లో పెట్టడం కష్టం. కంటికి అందినంత దూరం నీరే. మాతో వచ్చిన మా ఊరి యువకుడు ఒకడు చాలాసేపు చూసి, "ఇందులో ఒక పాయ మనకిచ్చినా చాలు గదా అయ్యగారూ" అన్నాడు. మేము ఏమీ అనలేదు. మా మనసులోనూ అదే ఉంది.

ఈ నీటి పక్కనే ఒకప్పుడు జనం ఆకలితో చనిపోయారంటే నమ్మబుద్ధి కాదు. 1833లో గొప్ప కరువు వచ్చింది. 1839లో కోరంగి తీరాన తుఫాను వచ్చి సముద్రం ఊళ్ల మీద పడింది. 1821లో 7 లక్షల 38 వేలున్న ఆ జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయింది. నది నిండుగా సముద్రంలోకి పోతున్నది, ఒడ్డున మనిషి ఎండిపోతున్నాడు. ఈ సంగతిని సహించలేకపోయిన వాడు కాటన్.

ఆయన 1803 మే 15న ఇంగ్లాండులో పుట్టాడు. పదహారేళ్లకే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మన దేశానికి వచ్చాడు. మొదట పంబన్ వద్ద రామేశ్వరానికీ నేలకూ మధ్యనున్న జలసంధిలో ఓడలు పోయే దారిని పరిశీలించే పనిలో ఉన్నాడు. అనగా ఆయన తొలి పాఠాలలోనే పడవ ఉంది. తరువాత కావేరి దగ్గర పనిచేస్తూ, చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను శ్రద్ధగా చూశాడు. అడుగు తగలని ఇసుకలో పునాది ఎట్లా నిలుస్తుంది? రాళ్లు వేస్తే దిగిపోతాయి, మరల వేస్తే మరల దిగిపోతాయి, చివరకు ఒకచోట కుదురుకొని గట్టిపడతాయి. ఈ దేశపు పూర్వులు ఈ మర్మం ఎరిగి కట్టారని, ఇసుకలో కట్టడం తాము వారి నుండే నేర్చుకున్నామని ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. పాలించే జాతిలో పుట్టినవాడు పాలింపబడే జాతి చేతిపని ముందు విద్యార్థిగా నిలబడడం ఆ కాలంలో చిన్న సంగతి కాదు.

ఆయనకు చూసినదాన్నల్లా తెలుసుకోవాలనే ఆసక్తి ఉండేది. మద్రాసు దగ్గర ఎర్రకొండల రాతిని మోయడానికి 1830లలో ఇనుప పట్టాల దారి వేసే పనిలో ఆయన చేయి ఉంది. విశాఖపట్నంలో సముద్రపు కోతను ఆపడానికి రాళ్ల గట్లు వేయించాడు. ఆరోగ్యం చెడి విశ్రాంతి కోసం టాస్మేనియా వెళ్లి, అక్కడ 1841లో ఎలిజబెత్ లెర్మాంత్ అనే ఆమెను వివాహం చేసుకొని, మరల మన దేశానికే వచ్చాడు.

గోదావరి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. నది మధ్యలో లంకలున్నందున దాన్ని నాలుగు భాగాలుగా కట్టారు. అవి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. కొండ నుండి కొట్టిన రాయి పట్టాల మీద ఒడ్డుకు వచ్చేది. అక్కడి నుండి పడవల మీద లంకలకు చేరేది. వేలమంది మన తెలుగు కూలీలు ఎండలో ఆ రాయి మోశారు. వారిని కూడగట్టి, వారి కష్టసుఖాలు చూసి, కాటన్‌కు కుడిచేయిగా నిలిచినవాడు వీణం వీరన్న. ఆయన 1867లో చనిపోయాడు. దొర విగ్రహాలు డెల్టాలో ఊరూరా ఉన్నాయి. వీరన్న పేరు తెలిసినవారు తక్కువ. రాయి మోసినవారి పేర్లయితే ఎక్కడా లేవు. పెద్దాయన నాయన వంటివారు వారు. మనం ఇప్పుడు చూసే బ్యారేజీ 1980లలో పాత ఆనకట్టకు బదులుగా పూర్తయినది. దానికి కాటన్ పేరే పెట్టారు. 1988లో తెరచిన కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, పటాలు ఉన్నాయి. పిల్లలను తీసుకువెళ్లేవారు దాన్ని తప్పక చూపించండి.

మేము ఎక్కువసేపు నిలబడి చూసినది లాకులను. లాకు అంటే ఏమిటో మా సీమవారికి చెప్పవలసి ఉంటుంది. కాలువ ఎగువ మట్టం ఎత్తుగా, దిగువ మట్టం పల్లంగా ఉంటుంది. పడవ ఆ ఎత్తు నుండి దూకలేదు గదా. కాబట్టి మధ్యలో రాతి తొట్టి కట్టి, రెండు వైపులా తలుపులు పెడతారు. పడవ తొట్టిలోకి రాగానే పై తలుపు మూసి, కింది వైపు నుండి నీటిని మెల్లగా వదులుతారు. నీటితోపాటు పడవ కూడా దిగుతుంది. దిగువ మట్టానికి సమానం కాగానే కింది తలుపు తెరుస్తారు. పడవ ఒక చుక్క తొణకకుండా సాగిపోతుంది. ఎక్కవలసివస్తే ఇదే పద్ధతి తిరగవేస్తారు. ఏ యంత్రమూ లేదు. నీటి బరువే పని చేస్తుంది.

ఆ కాలువల మీద తిరిగిన పడవలు అడుగు చదునుగా ఉండేవి. లోతు తక్కువ నీటిలోనూ తేలాలి గదా. పలకల సందులలో పీచు కూరి, గుగ్గిలం పూసి, నీరు చొరకుండా చేసేవారు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, లేదా గట్టు మీద నుండి తాడుతో లాగడం. సరంగు చుక్కాని పట్టుకొని కూర్చుంటే, గట్టు మీద మనుషులు లాగుతూ నడిచేవారు. ఎద్దుల జత గతుకుల బాటలో ఎంత లాగగలదో మన రైతుకు తెలుసు. నిలకడగా ఉన్న నీటిమీద ఇద్దరు మనుషులే దానికి ఎన్నో రెట్ల బరువును లాగగలరు. ఇదే కాటన్ మనసును పట్టుకున్న సంగతి. ఒకే కాలువ చేనుకు నీరివ్వాలి, పండిన పంటను అంగడికి మోయాలి. అప్పుడు ఒక చోట కరువు వస్తే మరొక చోటి ధాన్యం చౌకగా అక్కడికి చేరుతుంది. ఇది ఆయన వాదము. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. కృష్ణ కాలువలు, బకింగ్‌హాం కాలువ మీదుగా కాకినాడ నుండి మద్రాసు వరకు పడవలు నడిచాయి.

ఇదే ఆలోచనతో మన సీమకు ఒక కాలువ తలపెట్టారు. తుంగభద్ర నీటిని పెన్నాకు చేర్చి, నెల్లూరు దగ్గర సముద్రం వరకు పడవలు నడపాలని. ఇందుకోసం 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. 1860లలో పని సాగింది. అనుకున్నదానికంటే ఖర్చు ఎంతో పెరిగిపోయింది. చివరకు పూర్తయినది కర్నూలు నుండి కడప వరకే. అది 1871లో. అదే 1871లో మద్రాసు నుండి కడప మీదుగా వచ్చిన రైలు మార్గం రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. పడవ దారి సిద్ధమయ్యేసరికి పక్కనే రైలు కూత వేసింది. పడవ నెమ్మది, రైలు వేగం. కంపెనీ నష్టాలపాలై, 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కున్నది.

కాటన్ రైళ్లకంటే కాలువలే ఈ దేశానికి మేలని జీవితమంతా వాదించాడు. అందుకు ఎగతాళికి గురయ్యాడు. 1878లో ఇంగ్లాండు పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, డెబ్బై అయిదేళ్ల వయసులో, కఠినమైన ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అంతకు ముందు రెండు సంవత్సరాలు మన సీమలో ధాతు కరువు లక్షలమందిని మింగింది. ఆయన చెప్పినదంతా సరి అని మేము అనము. కేసీ కాలువ లెక్కలు ఆయన ఆశించినట్లు తేలలేదు. ఆయన పనిచేసిన కంపెనీ దొరతనం మన రైతు నుండి శిస్తు పిండుకున్నది కూడా నిజమే. అయినా రైతు నోటికి ముద్ద అందాలన్న తపన ఆ మనిషిలో నిజమైనదని, ఆయన పని చూసినవారు కాదనలేరు.

ఆయన చివరి రోజులు మాకు మరీ నచ్చాయి. ఇంగ్లాండులో డోర్కింగ్ అనే ఊరిలో తన తోటలో నేలను లోతుగా తవ్వి, గోధుమ మొక్కలు నాటి, ఒక్కొక్క మొక్కకు ఎన్ని పిలకలు వస్తాయో చూసుకుంటూ ఉండేవాడు. తక్కువ నేలలో ఎక్కువ తిండి పండించాలని ఆ ముసలితనంలోనూ ప్రయోగాలు మానలేదు. అరబ్బీ నేర్చుకొనేవారి కోసం 1876లో ఒక చిన్న వాచకం కూడా వేశాడు. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన కుమార్తె లేడీ హోప్ మరుసటి సంవత్సరం ఆయన జీవిత చరిత్రను ప్రకటించింది. ఆయన గట్టి విశ్వాసి. ఆ విశ్వాసాన్ని ఎక్కువగా మట్టిలో, నీటిలో చూపించాడు.

తిరిగి వచ్చాక పెద్దాయనను కారులో కూర్చోబెట్టుకొని కేసీ కాలువ గట్టుకు తీసుకువెళ్లాము. చేయి పట్టుకొని దించి, నీళ్ల చప్పుడు వినబడేంత దగ్గరగా నిలబెట్టాము. ధవళేశ్వరంలో చూసినదంతా చెప్పాము. తరువాత ఆయన ప్రశ్నకు మాకు తోచిన జవాబు చెప్పాము.

"పెద్దాయనా, పడవ పోవాలంటే కాలువలో నీళ్లు ఉరుకులు పెట్టకూడదు. అందుకని వాలు తక్కువగా, ఒడుపుగా తవ్వినారు. పడవలు పోయినాయి. ఆ వాలు అట్లే ఉంది. ఈ రోజు ఈ కాలువ కింద కర్నూలు, కడప సీమల్లో 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. మీ నాయన నడిచిన గట్టే ఆ నీళ్లను కాస్తా ఉంది."

పెద్దాయన ఏమీ అనలేదు. చేతికర్రతో గట్టు మన్ను రెండుసార్లు తట్టి చూశాడు. "ఇట్లా నడిచినారా అయ్యగారూ? ఈ పక్కనేనా?" అని అడిగాడు. "ఈ గట్టు మీదనే" అన్నాము. చెప్పులు విడిచి, మా భుజం ఆసరాతో పది అడుగులు నడిచాడు.

కారు ఎక్కేటప్పుడు మాత్రం, "అయితే ఆ నీళ్లు మన వేములకు రాలేదు గదా" అన్నాడు. అది నిజమే. దానికి మా దగ్గర జవాబు లేదు. పైరు వేసిన మా రైతులు ఈ రాత్రి కూడా బోరు చప్పుడు వింటూ మేలుకొని ఉంటారు.

ఆ ఆదివారం పెద్దాయన పిల్లలను తన చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. కళ్లు సరిగా కానరాకపోయినా, బొగ్గు ముక్క తీసుకొని అరుగు మీద ఒక పడవ గీశాడు. దానికి ఒక తాడు గీశాడు. తాడు చివర ఒక మనిషిని గీశాడు. "ఈయన ఎవరు తాతా?" అని పిల్లలు అడిగితే, "మా నాయన" అన్నాడు.

ప్రియ పాఠకులారా, మీ ఇండ్లలో కూడా ఇటువంటి తాడు భుజాన మోసినవారు ఉండి ఉంటారు. వారి పని ఇప్పుడు కనబడకపోవచ్చు. వారు బ్రతికి ఉండగానే అడిగి తెలుసుకోండి. మీ పిల్లలకు వారి పేర్లు చెప్పండి.